చిన్న పంచాయతీని నడపడం: జీతాలు, పద్దులు, ఊరి తగాదాలు

అనంతపురం, కడప జిల్లాల్లోని చిన్న పంచాయతీలలో ఇరవై ఏళ్లకు పైగా కార్యదర్శిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. కొత్తగా గెలిచిన సర్పంచులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కార్యదర్శులు ఇప్పటికీ ఇంటికి వచ్చి అడిగే సందేహాలు మూడు విషయాల చుట్టూనే తిరుగుతాయి. పనివాళ్లకు జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి, వచ్చిన సొమ్మును ఎట్లా ఖర్చు పెడితే ఆడిట్‌లో చిక్కు రాదు, ఊళ్లో రెండు వర్గాలు ఉంటే సమావేశం ఎట్లా జరపాలి అని అడుగుతారు. ఈ మూడింటినీ వేరువేరుగా పట్టుకుంటే ఏదీ తెమలదని నా అనుభవం. ఇంటి పన్ను వసూలు కాకపోతే నీళ్లు వదిలే మనిషికి జీతం అందదు. జీతం అందని మనిషి, తనకు చేతిలో నాలుగు రూకలు పెట్టినవాళ్ల మాట విని వాల్వు తిప్పుతాడు. చివరి వీధికి నీళ్లు అందవు, ఆ వీధివాళ్లు పన్ను కట్టడం మానేస్తారు. మరుసటి నెల జీతానికి మళ్లీ డబ్బు ఉండదు.

హగరి నది వైపు ఒక పంచాయతీలో నేను చేరిన మొదటి వేసవిలో ఇది కళ్లారా చూశాను. ఒక ఉదయం ఎస్సీ కాలనీ నుంచి నలుగురు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి కార్యాలయం మెట్ల మీద కూర్చున్నారు. "సార్, మా కొళాయికి నీళ్లు వచ్చేలోపల కరెంటు పోతుంది" అన్నారు. మరునాడు తెల్లవారుజామున ఐదింటికి నేనే ఒక బిందె, చేతి గడియారం తీసుకుని వీధి వీధి తిరిగాను. ట్యాంకు పక్క వీధిలో బిందె నిండడానికి నిమిషం కూడా పట్టలేదు. కాలనీ చివరి కొళాయి కింద అదే బిందె నిండడానికి ఏడు నిమిషాలు పట్టింది, ఆ వరుసలో నా ముందు పద్నాలుగు బిందెలు ఉన్నాయి. వాటర్‌మ్యాన్‌ను పక్కకు పిలిచి అడిగితే, అతను దాచలేదు. "ఏం చేసేది సార్, జీతం రాక నాలుగు నెలలాయె. పై వీధి పెద్దాయన పండక్కి గుడ్డలు పెట్టినాడు. వాళ్ల సంపు నిండేదాకా వాల్వు కట్టొద్దంటాడు" అన్నాడు. అతని మీద చర్య తీసుకోవాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. నాలుగు నెలలు జీతం ఇవ్వని పంచాయతీకి ఆ మాట అనే హక్కు లేదని నేను చెప్పాను. ముందు సాధారణ నిధి నుంచి బకాయి జీతం చెల్లించి, ఆ తరువాతే అతని పనికి లెక్క అడిగాము.

జీతాలు, పనివాళ్లు

గ్రామ పంచాయతీలో పనిచేసేవాళ్లు రెండు రకాలు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థలో వచ్చిన ఇంజనీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ సహాయకులు, సర్వేయరు, ఏఎన్ఎం, వ్యవసాయ సహాయకులు వంటివారు ప్రభుత్వ ఉద్యోగులు. వారి జీతం పంచాయతీ ఇవ్వదు. ప్రతి ఒక్కరికీ తన శాఖలో ఒక పై అధికారి ఉంటారు. సర్పంచు వీరిని ఆజ్ఞాపించబోతే పని చెడుతుంది. నెలకొకసారి అందరినీ కూర్చోబెట్టి, ఊరిలో పెండింగ్ ఉన్న పనుల పట్టిక చదివించి, ఎవరి పని ఎప్పటికి అవుతుందో వారి చేతే రాయించి సంతకం తీసుకుంటే చాలా పనులు కదులుతాయి. ఆ పట్టిక నకలును ఎంపీడీవో కార్యాలయానికి పంపితే చాలు, వేరే ఫిర్యాదు అవసరం ఉండదు.

రెండో రకం, పంచాయతీ స్వయంగా పెట్టుకున్నవాళ్లు: వాటర్‌మ్యాన్, పారిశుధ్య కార్మికులు, చెత్త బండి నడిపేవాళ్లు, వీధి దీపాలు చూసే మనిషి, బిల్లు కలెక్టరు. పంచాయతీకి ఊళ్లో ఉన్న పేరంతా వీరి చేతుల్లో ఉంటుంది. సర్పంచులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఎన్నికల్లో పనిచేసినవాళ్లకు బదులు తీర్చుకోవడానికి, పాత వాటర్‌మ్యాన్‌ను తీసేసి తమ మనిషిని పెడతారు. భూమిలో పైపులు ఏ మూల నుంచి ఏ మూలకు పోతున్నాయో, ఏ వాల్వు గట్టిగా బిగిస్తే మొన విరుగుతుందో పాత మనిషికి తప్ప ఎవరికీ తెలియని ఊళ్లు చాలా ఉన్నాయి. అతను పోతే ఆ తెలివిడి అంతా అతనితోనే పోతుంది. మనిషిని మార్చక తప్పకపోతే, ముందుగా ఇంజనీరింగ్ అసిస్టెంటును వెంట పెట్టుకుని అతని చేత పైపుల పటం గీయించి, వాల్వులకు నంబర్లు వేయించి, ఆ కాగితాన్ని కార్యాలయంలో భద్రపరచాలి. మార్చక్కరలేకపోయినా ఈ పని చేయించమని నేను గట్టిగా చెబుతాను.

జీతం ఇచ్చే తేదీని తీర్మానంలో రాయించాలి. ప్రతి నెలా అయిదో తేదీ అనుకుంటే, ఆ తేదీ దాటక ముందు కాంట్రాక్టరు బిల్లు గాని, టెంట్ల బిల్లు గాని, అల్పాహారం ఖర్చు గాని ఒక్కటీ ఎత్తకూడదు. హాజరు పట్టీ కార్యాలయంలో ఉంచి రోజూ సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. సొమ్మును చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకే జమ చేయాలి. చేతికిచ్చిన జీతం గురించి ఆరు నెలల తరువాత వచ్చే వివాదంలో పంచాయతీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

పనివాళ్ల ప్రాణాల విషయంలో రెండు మాటలు కఠినంగా చెప్పాలి. వీధి దీపం మార్చడానికి మన మనిషి స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ చేత ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించాలి, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించాలి. "ఒక్క నిమిషం పనే గదా" అని ఎక్కించవద్దు. అట్లాగే ఎవరి ఇంటి సెప్టిక్ ట్యాంకులోకీ, మురుగు గుంటలోకీ మనిషిని దింపకూడదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం దాన్ని నేరంగా పరిగణిస్తుంది. పారిశుధ్య కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, సబ్బు కొనడానికి బడ్జెట్‌లో మొదటే కొంత మొత్తం కేటాయించాలి. ఆ మొత్తం చిన్నదే, కానీ కేటాయించకపోతే సంవత్సరం గడిచినా ఎవరికీ గుర్తుకు రాదు.

పద్దులు

సర్పంచు మొదటి నెలలోనే తెలుసుకోవలసినది, పంచాయతీ సొమ్ము అంతా ఒకటే కాదని. పదిహేనో ఆర్థిక సంఘం 2021–22 నుంచి 2025–26 వరకు ఇచ్చిన నిధులలో 60 శాతం షరతులతో కూడినవి. అందులో సగం తాగునీరు, వాన నీటి నిల్వ వంటి పనులకు, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని, జీతాలకు, స్థాపన (కార్యాలయ నిర్వహణ) ఖర్చులకు వాడరాదని ఆ సంఘం షరతు. అంటే ఆర్థిక సంఘం ఖాతాలో లక్షలు కనిపిస్తున్నా వాటర్‌మ్యాన్ జీతానికి ఆ సొమ్మును ముట్టుకునే వీలు లేదన్నమాట. ఊళ్లో ఇది ఎవరికీ తెలియదు. "డబ్బులు మూలుగుతుంటే జీతాలు ఇవ్వరా?" అని అడుగుతారు. కొత్త ఆర్థిక సంఘం వచ్చిన ప్రతిసారీ షరతులు మారుతుంటాయి కాబట్టి మార్గదర్శకాల ప్రతిని తెప్పించుకుని, ఏ నిధిని దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో తెలుగులో ఒక పేజీలో రాసి నోటీసు బోర్డుకు అంటించండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

జీతాలు రావలసింది సాధారణ నిధి నుంచి. దానికి మూలం ఇంటి పన్ను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్ను, కొలగారం లేదా కాటా రుసుము (ఊళ్లో తూచి, కొలిచి అమ్మే సరుకు మీద పన్ను) వేసి తీరవలసిన పన్నులు. వీటికి కొళాయి రుసుము, ఇళ్ల ప్లాన్ల అనుమతి రుసుము, సంత వేలం, దుకాణపు గదుల అద్దె, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జీ వాటా తోడవుతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. అయిదు వందల ఇళ్లున్న ఊళ్లో ఇంటికి సగటున ఏడాదికి 400 రూపాయల పన్ను అనుకుంటే మొత్తం డిమాండు, అంటే రావలసిన పన్ను, 2,00,000. నూటికి డెబ్బై వసూలైతే చేతికి వచ్చేది 1,40,000. నెలకు ఆరు వేల చొప్పున ఇద్దరికి జీతం ఇస్తేనే ఏడాదికి 1,44,000 అవుతుంది. వసూలైన పన్ను మొత్తం పెట్టినా ఇద్దరి జీతానికే చాలలేదు. పైగా, సిబ్బంది ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటరాదన్న నియమం ఒకటి ఉంది. ఇతర రాబడి పెంచుకోకపోతే బడ్జెట్ నిలబడదని దీన్ని బట్టే తెలుస్తుంది.

మన ప్రాంతంలో నిర్లక్ష్యానికి గురయ్యే రాబడి ఒకటుంది. పంచాయతీకి చెందిన చోట ఉన్న చింతచెట్ల ఫలసాయం, తుమ్మచెట్లు. ఏటా వేలం వేయాలి. ఎవరో ఒకరికి మాట మీద అప్పగించడం వద్దు. మూడు రోజుల ముందు దండోరా వేయించి, సచివాలయం గోడకు నోటీసు అంటించి, పాట పాడదలచినవాళ్ల దగ్గర ధరావతు కట్టించుకుని, ఊరి నడుమ రచ్చకట్ట దగ్గర జరపాలి. వచ్చినవాళ్లంతా ముందే రింగైపోయి తక్కువకు పాడితే, వేలం వాయిదా వేసే అధికారాన్ని నోటీసులోనే రాసి ఉంచాలి. పాట దక్కినవాళ్లు పూర్తి సొమ్ము అదే రోజు కట్టాలి. "పంట అమ్మి కడతా" అన్న మాటకు ఒప్పుకుంటే మరుసటి ఏడాది వేలం నాటికి కూడా ఆ సొమ్ము రాదు.

ఇంటి పన్ను వసూలు గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. బిల్లు కలెక్టరును ముందుగా పంపవలసింది సర్పంచు ఇంటికి, తరువాత ఉపసర్పంచు, వార్డు సభ్యుల ఇళ్లకు. డిమాండు రిజిస్టరులో ఊరి పెద్దల పేర్ల ఎదురుగా మూడేళ్ల బకాయి కనిపిస్తూ ఉంటే, రెండు గదుల ఇంటివాళ్లను గట్టిగా అడగడానికి బిల్లు కలెక్టరుకు నోరు రాదు. ఒక పంచాయతీలో సర్పంచమ్మ తన ఇంటి బకాయి గ్రామసభలోనే కట్టి, రసీదును చదివి వినిపించింది. ఆ వారం కార్యాలయం ముందు వరుస కట్టారు. కొలతలు కూడా సరిచూడాలి. పదేళ్ల కిందట మట్టి మిద్దె అని రాసిన ఇల్లు ఇప్పుడు రెండంతస్తుల మిద్దె అయి ఉంటుంది, ఒంటరి ముసలమ్మ పూరిల్లు కూలి గోడలే మిగిలి ఉంటాయి, అయినా రిజిస్టరులో పన్ను మారదు. ఏడాదికొకసారి వీధి వీధి తిరిగి పరిశీలించి తేడాలు సరిదిద్దితే పన్ను పెరిగినవాళ్లు కూడా పెద్దగా అభ్యంతరం చెప్పరు. పక్కింటివాళ్ల పన్ను కూడా సరిచేశారని కళ్లారా చూస్తారు కాబట్టి.

వసూలు చేసిన ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. రసీదు పుస్తకాలకు స్టాకు రిజిస్టరు ఉంటుంది, ఏ నంబరు పుస్తకం ఎవరి దగ్గర ఉందో అందులో రాసి సంతకం తీసుకోవాలి. నేను చూసిన సొమ్ము దుర్వినియోగపు కేసుల్లో ఎక్కువ భాగం, లెక్కకు రాని ఒక రసీదు పుస్తకంతోనే మొదలయ్యాయి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు పంచాయతీది కాదు. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అవసరం వచ్చిందని వాడుకుంటే ఆ బకాయి కొండలా పేరుకుపోతుంది. నగదు పుస్తకం రోజూ ముగించి, నెలాఖరుకు ఖజానా లెక్కతో సరిపోల్చాలి. పనుల విషయంలో అంచనా, సాంకేతిక అనుమతి, తీర్మానం, ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు, ఓచరు అన్న వరుస తప్పకూడదు. వీధిలో సీసీ రోడ్డు కనిపిస్తున్నా ఎం.బుక్‌లో కొలతలు లేకపోతే ఆడిట్‌లో అది లేని రోడ్డే. నష్టాన్ని సర్పంచు, కార్యదర్శుల మీద సర్‌చార్జీగా, అంటే సొంత సొమ్ముతో కట్టేటట్లు, వేస్తారు.

చెల్లింపులకు ఇప్పుడు సంతకానికి బదులు డిజిటల్ కీలు వాడుతున్నాము. సర్పంచు కీ సర్పంచు దగ్గరే, కార్యదర్శి కీ కార్యదర్శి దగ్గరే ఉండాలి. ఈ మాట మహిళా సర్పంచులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల స్థానాల్లో సగం మహిళలకు కేటాయించారు. గెలిచిన తరువాత కీ, ఫోనుకు వచ్చే ఓటీపీ భర్త చేతిలోనో బావగారి చేతిలోనో ఉంటే, రేపు వచ్చే సర్‌చార్జీ నోటీసు మీద మాత్రం మీ పేరే ఉంటుందమ్మా. కార్యదర్శి కూడా సర్పంచు కుర్చీలో వేరొకరు కూర్చుంటే ఫైలు ఆ బల్ల మీద పెట్టకూడదు. ఇది చెప్పడం కష్టం, నాకూ కష్టమైంది. మొదటి నెలలో మర్యాదగా చెబితే సాగుతుంది, రెండో సంవత్సరంలో చెబితే పగ అవుతుంది.

సమావేశాలు, గ్రామసభ

సాధారణ సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందు ఎజెండా నోటీసు ప్రతి సభ్యునికీ అందించి సంతకం తీసుకోవాలి. అవతలి వర్గం సభ్యునికి నోటీసు అందలేదన్న ఒక్క కారణంతో తీర్మానాలు వివాదంలో పడిన సందర్భాలు చూశాను. అతను ఊళ్లో లేకపోతే ఇంటి తలుపుకు అంటించి ఇద్దరు సాక్షుల సంతకం పెట్టించండి. సభ్యులలో మూడో వంతు మంది లేకుండా కోరం ఉండదు. లేని కోరాన్ని తరువాత ఇంటింటికీ తిరిగి సంతకాలతో పూరించడం మన వైపు పాత అలవాటు. దాన్ని మానుకోవాలి.

మినిట్స్ పుస్తకంలో అసమ్మతిని కూడా రాయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రెండు వర్గాలున్న ఊళ్లో, ఓడిన వర్గం సభ్యుడు లేచి "నేను ఒప్పుకోను" అన్నప్పుడు, "సరే అన్నా, మీ మాట కూడా రాసుకుంటున్నాను, కారణం చెప్పండి" అని కార్యదర్శి అక్కడికక్కడే రాసి, చదివి వినిపిస్తే, గొంతు సగం తగ్గుతుంది. తన మాట పుస్తకంలోకి ఎక్కిందన్న నమ్మకం ఉన్న మనిషి దాన్ని నడివీధిలోకి తీసుకుపోడు. రాయకపోతే ఆ మాట సాయంత్రానికి టీ అంగడి దగ్గరికి, రాత్రికి ఇంకో రూపంలో ఇళ్ల మీదికి చేరుతుంది. కక్షలు చూసిన ఊళ్లలో ఉద్యోగం చేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరపవలసిందే. జరపకపోతే సర్పంచు పదవికే ముప్పు. కానీ చట్టానికి భయపడి జరిపే గ్రామసభలో పది మంది సంతకాలు తప్ప ఏమీ ఉండవు. రచ్చకట్ట మీద జరిపితే కొన్ని వీధులవాళ్లు వచ్చి కూర్చోరు, కూర్చున్నా మాట్లాడరు. ఒకసారి బడి ఆవరణలో, ఒకసారి ఎస్సీ కాలనీలో, ఒకసారి మజరా గ్రామంలో (శివారు పల్లెలో) జరపండి. సమయం కూడా చూసుకోవాలి. శనక్కాయ కోతల్లో మధ్యాహ్నం సభ పెడితే ఎవరూ రారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దేశానికంతా ప్రారంభించారు. ఆ పథకంతో పాటు మన ఊళ్లకు సామాజిక తనిఖీ అలవాటైంది. మస్టరు (కూలీల హాజరు పట్టీ) చదివి, పేరు పిలిచి, "నీకు ఎన్ని రోజుల కూలి వచ్చింది?" అని అందరి ఎదుట అడిగే పద్ధతి అది. పంచాయతీ ఖర్చులను కూడా అదే విధంగా చదవండి. "సాధారణ నిధి, వివిధ ఖర్చులు" అని చదివితే ఎవరికీ అర్థం కాదు. "మార్చి నెలలో ట్యాంకరు నీళ్లు, కింది వీధికి ఇరవై రెండు ట్రిప్పులు" అని చదివితే, కింది వీధి నుంచి ఒకామె లేచి ఎన్ని వచ్చాయో చెబుతుంది.

నీళ్లు

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వంటి చోట ఊరి తగాదాలన్నీ చివరికి నీళ్ల దగ్గరికే వస్తాయి. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక వందల గ్రామాలకు ఊరట కలిగింది. అయినా పైపు పగిలినా, కరెంటు లేకపోయినా ఊరి బోరే దిక్కు. కాబట్టి ముందుగా మీ ఊరి లెక్క తీయండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల జనాభాకు 1,10,000 లీటర్లు కావాలి. మీ ట్యాంకు 60,000 లీటర్లదైతే రోజుకు రెండుసార్లు నింపాలి, అంటే కరెంటు వేళలను బట్టి వాల్వు వేళలు కుదుర్చుకోవాలి.

నేను చేసిన ఏర్పాటు ఇది. ఏ వీధికి ఏ వేళకు ఎంతసేపు నీళ్లు వదలాలో ట్యాంకు స్తంభం మీద పెద్ద అక్షరాలతో రాయించాము. చివరి వీధికి ముందు వదిలి, ట్యాంకు పక్క వీధికి ఆఖరున వదిలేటట్లు వరుస తిప్పాము. పై వీధివాళ్లు రెండు వారాలు సణిగారు. ఒత్తిడి వాళ్ల వైపే ఎక్కువ కనుక, ఆఖరున వదిలినా బిందెలు నిండుతూనే ఉండడంతో ఊరుకున్నారు. కొళాయిలకు నేరుగా మోటార్లు బిగించినవాళ్లకు మొదట నోటీసు, రెండోసారి కనెక్షను తొలగింపు అని తీర్మానం చేశాము. మొదట తీసింది సర్పంచు బంధువుల ఇంటి మోటారే. ఆ తరువాత ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాలేదు.

ట్యాంకు కడిగిన తేదీని ట్యాంకు మీదే రాయించాలి. క్లోరినేషన్ జరిగిందో లేదో ట్యాంకు దగ్గర చూస్తే చాలదు, చివరి కొళాయి నీటిలో క్లోరిన్ 0.2 పీపీఎం అయినా ఉందో లేదో క్లోరోస్కోపుతో చూడాలి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో బోరు నీటిని ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ప్రయోగశాలకు పంపి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి వద్దని బోరు దగ్గరే రాయించాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతోంది. రిగ్గు బండి రాత్రి పూట వస్తుంది, తెల్లవారేసరికి పని అయిపోతుంది. అందుకని ఈ నిబంధనను వేసవికి ముందే దండోరా వేయించి, ఆ పరిధిలో పొలాలున్న రైతులకు విడిగా నోటీసు ఇవ్వడం మంచిది. వేసవిలో రైతు బోరు అద్దెకు తీసుకున్నా, ట్యాంకరు పెట్టినా, ప్రతి ట్రిప్పుకూ ఆ వీధిలోని ఇద్దరు ఆడవాళ్ల సంతకం తీసుకున్న పుస్తకం ఉండాలి. ఆ బిల్లుల సొమ్ము వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పుస్తకం లేకపోతే అసలే రావు.

కులం, పండుగ, సరిహద్దు

ఊరి మాటలో పంచాయితీ అంటే తగువు తీర్చడం. గ్రామ పంచాయతీకి మాత్రం న్యాయస్థానం అధికారం లేదు. ఈ తేడా తెలియక సర్పంచులు ఇరుక్కుంటారు. భూమి తగాదా తహసీల్దారు దగ్గరికి, కొట్లాట పోలీసు స్టేషన్‌కు, రాజీకి వీలున్న కుటుంబ విషయాలు మండల న్యాయ సేవా కమిటీ ద్వారా లోక్ అదాలత్‌కు పోవాలి. జరిమానాలు వేయడం, ఒక ఇంటివాళ్లతో మాట్లాడవద్దని చాటింపు వేయించడం చేయకూడదు. ఎస్సీ, ఎస్టీల మీద సామాజిక బహిష్కారం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. టీ అంగడిలో గ్లాసులు వేరుగా పెట్టినా, గుడి మెట్ల దగ్గర ఆపినా, సర్పంచు "ఊరి ఆచారం" అని ఊరుకోరాదు. ప్రతి నెలా 30న జరిగే పౌరహక్కుల దినానికి తహసీల్దారు, ఎస్సై ఏదో ఒక గ్రామానికి వస్తారు. మీ ఊరికి రమ్మని మీరే రాసి పిలిపించుకోండి. సమస్య లేనప్పుడే పిలిస్తే, సమస్య వచ్చినప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్లు ఉండదు.

పండుగల విషయంలో మన ప్రాంతానికి మంచి సంప్రదాయం ఉంది. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు వేలుగా వస్తారు. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. చాలా పల్లెల్లో పీర్ల చావిడి ముందు గుండం తవ్వేది, కట్టెలు తెచ్చేది అన్ని కులాలవాళ్లూ కలిసే. ఇంత ఉన్నా జాతర దారి దగ్గర, మైకు దగ్గర, బండలాగుడు పోటీల బహుమతి దగ్గర గొడవలు వస్తాయి. పండుగకు నెల ముందే అన్ని వీధుల పెద్దలనూ పిలిచి, ఊరేగింపు ఏ వీధిన మొదలై ఏ వీధిన ముగుస్తుందో, ఎన్ని గంటలకు మైకు ఆపాలో రాసి, అందరి సంతకాలతో ఒక ప్రతి పోలీసు స్టేషన్‌లో ఇవ్వాలి. పంచాయతీ సొమ్ముతో దీపాలు, మంచినీళ్లు, పారిశుధ్యం ఏర్పాటు చేయవచ్చు, అదీ అన్ని పండుగలకూ ఒకే తీరున. పూజ ఖర్చు చందాలతోనే జరగాలి.

ఇక రస్తాల మీద దిబ్బలు, మురుగు నీళ్లు పక్కింటి ముందుకు పారడం, పశువుల కొట్టం గోడ వీధిలోకి జరగడం. వీటిని చిన్నవని వదిలేస్తే ముదురుతాయి. సర్వేయరు చేత కొలిపించి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, గడువు చెప్పి, గడువు తరువాతే కదలాలి. రెండు వర్గాలలోనూ ఒక్కొక్క ఆక్రమణను ఒకే రోజు తొలగించడం మంచిది.

కార్యదర్శి బదిలీ అయినప్పుడు, పంచాయతీ పాలకవర్గం మారినప్పుడు బాధ్యతల అప్పగింత పత్రం రాయించుకోండి. రసీదు పుస్తకాలు నంబర్లతో సహా, నగదు పుస్తకం, మినిట్స్ పుస్తకాలు, డిమాండు రిజిస్టరు, ఎం.బుక్కులు, వాల్వుల పటం, డిజిటల్ కీ, ట్యాంకు గది తాళాలు, గోదాములో ఎన్ని బస్తాల బ్లీచింగ్ పౌడరు ఉందో ఆ లెక్కతో సహా అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలు, తేదీ వేసి ఒక ప్రతి ఎంపీడీవో కార్యాలయంలో ఇవ్వాలి. వాటర్‌మ్యాన్‌ను కూడా ఆ రోజు పిలిచి కూర్చోబెట్టండి, బాకీ ఉన్న జీతం ఎంతో అతని చేతే చెప్పించి ఆ కాగితంలోనే రాయండి.